అరకిలో తగ్గిన .44 మాగ్నమ్: అడవి దారిలో తేలికపాటి రివాల్వర్లు

జులై వచ్చేసరికి అలాస్కా నదుల్లోకి సాల్మన్ చేపలు గుంపులు గుంపులుగా ఎదురీదుకుంటూ వస్తాయి. వాటి కోసం గాలాలు పట్టుకుని మనుషులు నీళ్లలోకి దిగుతారు. అవే చేపల కోసం బ్రౌన్ బేర్లూ దిగుతాయి. సాల్మన్ తిని బలిసిన మగ ఎలుగు నాలుగు వందల కిలోలు దాటుతుంది. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఇవి సుమారు 30,000 ఉంటాయని అక్కడి వన్యప్రాణి శాఖ అంచనా. చేపలు పట్టేవాళ్లు ఛాతీ దాకా వచ్చే, నీళ్లు చొరని వేడర్లు తొడుక్కుని నడుము లోతు నీళ్లలో గంటల తరబడి నిలబడతారు. బెల్టుకు తుపాకీ కట్టుకుంటే అది నీళ్లలో మునిగిపోతుంది. అందుకే భుజాల మీదుగా పట్టీలు వేసి, గుండెల మీద ఏటవాలుగా హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, కట్టుకుంటారు. చాలా ఏళ్లుగా అందులో ఎక్కువగా కనిపించేది .44 మాగ్నమ్ రివాల్వర్.

ఆ రివాల్వర్ ఉక్కుది అయితే, ఉదాహరణకు స్మిత్ అండ్ వెసన్ వాళ్ల మోడల్ 629 నాలుగంగుళాల గొట్టంది అయితే, ఖాళీగానే సుమారు 1,180 గ్రాములు తూగుతుంది. ఆరు తూటాలు నింపితే 1,300 దాటుతుంది. పొద్దున కట్టుకున్నప్పుడు ఈ బరువు తెలియదు. మధ్యాహ్నానికి పట్టీ మెడ పక్కన ఒరుసుకోవడం మొదలవుతుంది, సాయంత్రానికి భుజం లాగుతుంది. రెండో రోజు తీసి డేరాలో పెట్టేస్తారు, మూడో రోజు అది డేరాలోనే ఉండిపోతుంది. ఎలుగు ఎదురయ్యేది సరిగ్గా పొదల మధ్య నుంచి నీళ్లకు నడిచే ఆ వంద అడుగుల్లోనే. డేరాలో ఉన్న తుపాకీ అప్పుడు దేనికీ పనికిరాదు.

తేలికపాటి పెద్ద కాలిబర్ (లావు తూటా పట్టే) రివాల్వర్ల మీద మోజు పుట్టింది ఇక్కడే. దీన్ని మగతనం చూపించుకునే సరదాగా కొట్టిపారేయడం తేలికే కానీ న్యాయం కాదు. గుర్రం మీద తిరిగే గైడ్లు, సర్వే పనికి వెళ్లే భూగర్భ శాస్త్రజ్ఞులు, వారం రోజులకు సరిపడా సామాను వీపున మోసే ట్రెక్కర్లు ఒక్కో వంద గ్రాములూ లెక్కేసుకుంటారు. టూత్‌బ్రష్ పిడి విరిచి సగమే పట్టుకెళ్లే మనుషులు వాళ్లు. అలాంటివాళ్లకు ఒకేసారి అరకిలో తగ్గుతుందంటే ఆశ పుట్టడం సహజం. అయితే తగ్గిన ఆ అరకిలో ఇంతకుముందు ఏదో ఒక పని చేస్తూ ఉండేది కదా. ఇప్పుడు ఆ పని ఎవరి మీద పడింది అన్నదే అసలు ప్రశ్న.

లోహం మారిన కథ

పెద్ద తూటా కథ 1955లో మొదలైంది. ఐడహో రాష్ట్రంలోని సాల్మన్ ఊరి దగ్గర పశువుల పెంపకం చేసిన ఎల్మర్ కీత్ అనే ఆయన, 1907 నాటి పాత .44 స్పెషల్ తూటాలో పేలుడు మందు ఎక్కువ పోసి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. ఆయన ఒత్తిడి మీద రెమింగ్టన్, స్మిత్ అండ్ వెసన్ కలిసి .44 మాగ్నమ్ తెచ్చాయి. ఆ తర్వాత మోడల్ 29గా పేరు పడిన రివాల్వర్ దానికోసమే పుట్టింది. అది పెద్దది, బరువైనది. అలా చేయడం వెనక కారణం ఉంది. తూటా ఎంత గట్టిదో, దాన్ని పట్టుకునే ఇనుము అంత బరువుగా ఉండాలని ఆనాటి ఇంజినీర్లకు తెలుసు.

తేలిక చేసే ప్రయత్నాలు చిన్న కాలిబర్లలో అప్పటికే నడుస్తున్నాయి. కోల్ట్ కంపెనీ 1950లో అల్యూమినియం ఫ్రేమ్‌తో, అంటే మిగతా భాగాలను పట్టి ఉంచే చట్రంతో, కోబ్రా అనే రివాల్వర్ తెచ్చింది. అమెరికా వైమానిక దళం ఇంకా ముందుకెళ్లి, విమాన సిబ్బంది కోసం ఫ్రేమ్‌తో పాటు తూటాలు పట్టి తిరిగే సిలిండర్‌ని కూడా అల్యూమినియంతోనే చేయించింది. ఎం13 అనే ఆ రివాల్వర్ ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. తూటా పేలినప్పుడు ఒత్తిడంతా మొదట భరించేది సిలిండరే. అల్యూమినియం ఆ ఒత్తిడికి తట్టుకోలేదని తేలాక వాటిని వెనక్కి తీసుకుని చాలావాటిని నుజ్జు చేసేశారు. ఫ్రేమ్ తేలికైనా పర్వాలేదు, సిలిండర్ విషయంలో మాత్రం రాజీ కుదరదని ఆ అనుభవం చెప్పింది.

ఆ చిక్కుముడి 1990ల చివర్లో టైటానియంతో విడింది. ఉక్కు సాంద్రత 7.8 అయితే టైటానియంది 4.5, అల్యూమినియంది 2.7. సిలిండర్‌కు టైటానియం వాడితే బలం దాదాపు నిలబడుతుంది, బరువు మాత్రం సగానికి దగ్గరగా తగ్గుతుంది. మిగిలింది ఫ్రేమ్. దానికి స్కాండియం దొరికింది. 1879లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు నీల్సన్ కనిపెట్టిన ఈ మూలకాన్ని సోవియట్ ఇంజినీర్లు విమానాల కోసం అల్యూమినియంలో కలిపి వాడారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ మిశ్రమం బేస్‌బాల్ బ్యాట్లలోకి, సైకిల్ ఫ్రేముల్లోకి, చివరికి తుపాకుల్లోకి వచ్చింది. "స్కాండియం ఫ్రేమ్" అని ప్రకటనల్లో రాసినా అందులో స్కాండియం ఒక శాతం కూడా ఉండదు. మిగతాదంతా దాదాపు అల్యూమినియమే. కూరలో ఇంగువలాగా చిటికెడు పడితేనే లోహం రేణువుల అమరిక మారి గట్టిపడుతుంది.

2003లో స్మిత్ అండ్ వెసన్ ఈ రెండు లోహాలనూ .44 మాగ్నమ్‌కి వాడింది. మోడల్ 329పీడీ అనే ఆ రివాల్వర్‌లో గొట్టం నాలుగంగుళాల ఉక్కు, సిలిండర్ టైటానియం, ఫ్రేమ్ స్కాండియం మిశ్రమం. బరువు సుమారు 710 గ్రాములు. అదే ఆరు తూటాలు, అదే గొట్టం పొడవు, 470 గ్రాములు తక్కువ. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి ఎగజిమ్మే మంటకు పైన ఉన్న అల్యూమినియం కరిగి అరిగిపోకుండా అక్కడొక పలుచని ఉక్కు రేకు అమర్చారు. తూటా శక్తికీ ఈ లోహానికీ మధ్య ఎంత ఇరుకుగా సర్దుబాటు జరిగిందో ఆ రేకును చూస్తే తెలుస్తుంది.

తన్ను ఎక్కడికి పోయింది

తుపాకీ పేలినప్పుడు బుల్లెట్ ఎంత ఊపుతో ముందుకు పోతుందో, తుపాకీ అంతే ఊపుతో వెనక్కి తంతుంది. ఇది న్యూటన్ సూత్రం. లోహం ఏదైనా దీని నుంచి తప్పించుకోలేదు. ఒక లెక్క వేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. 240 గ్రెయిన్ల బుల్లెట్, అంటే పదిహేనున్నర గ్రాములది, సెకనుకు 365 మీటర్ల వేగంతో బయటికి పోతుందనుకుందాం. దాని వెనక మండిన మందు తాలూకు వాయువుల ఊపు కూడా కలపాలి. తూటాలు నింపిన ఉక్కు రివాల్వర్ ఆ దెబ్బకు సెకనుకు దాదాపు 5.7 మీటర్ల వేగంతో అరచేతిని గుద్దుతుంది. 329పీడీ అయితే దాదాపు 8.8 మీటర్ల వేగంతో గుద్దుతుంది. శక్తిగా చెప్పాలంటే 21 జౌళ్లు ఉన్నది 33 జౌళ్లవుతుంది. బరువు మూడో వంతు తగ్గితే తన్ను సగానికి పైగా పెరిగింది.

అంకెల్లో ఇది చిన్నదిగానే కనిపిస్తుంది. చేతికి మాత్రం అలా ఉండదు. ఉక్కు రివాల్వర్ అరచేతిలో ఒక తోపులా అనిపిస్తుంది, తేలికది చెంపదెబ్బలా చుర్రుమంటుంది. పిడి చెక్కదైతే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం రేగుతుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ నడిమివేలి కణుపు మీద కొడుతుంది. ఒక సిలిండర్ ఖాళీ చేశాక రెండోసారి నింపడానికి చేయి రాదు. ఈ రివాల్వర్ కొన్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని, 500 మాగ్నమ్ లాంటి భారీ రివాల్వర్ల కోసం చేసిన మందపాటి రబ్బరు పిడి తెచ్చి బిగించుకోవడం. అది ఫ్రేమ్ వెనక భాగాన్ని కూడా కప్పుతుంది కాబట్టి లోహం నేరుగా చేతికి తగలదు.

నొప్పిని మించిన సమస్య ఇంకొకటుంది. రెండు మూడుసార్లు దెబ్బ తిన్న చేయి నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కేలోపే తనకు తెలియకుండా బిగుసుకుని గొట్టాన్ని కిందికి తోస్తుంది. షూటింగ్ నేర్పేవాళ్లు దీన్ని ఫ్లించ్ అంటారు. పైగా డబుల్ యాక్షన్‌లో, అంటే ముందుగా సుత్తిని వెనక్కి లాగి పెట్టకుండా నేరుగా కాల్చేటప్పుడు, ట్రిగ్గర్ లాగడానికి ఐదు కిలోల వరకు బలం పెట్టాలి. ఎనిమిది వందల చిల్లర గ్రాముల వస్తువును నిశ్చలంగా పట్టుకుని, దాని బరువుకు ఆరు రెట్ల బలంతో ఒక మీట లాగడమంటే గురి కదలక తప్పదు. బరువైన తుపాకీ తన బద్ధకంతోనే ఆ కదలికను మింగేసేది. తగ్గిన అరకిలో ఇంతకాలం చేసిన పని ఇదే. ఇప్పుడు ఆ పని మనిషి నరాలు, కండరాలు చేయాలి. ఎలుగు గంటకు 50 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంటే ముప్పై మీటర్ల దూరం రెండు సెకన్లలో అయిపోతుంది. ఆ రెండు సెకన్ల టెన్షన్‌లో చేయి తన అలవాటు ప్రకారమే పోతుంది.

ఆరో తూటా

తేలిక తుపాకీతో వచ్చే మరో చిక్కు బయటికి కనిపించదు. గొడ్డలి పిడి వదులైతే పల్లెల్లో ఏం చేస్తారు? పిడిని నిలువుగా పట్టుకుని అడుగుభాగాన్ని బండకేసి కొడతారు. పిడి టక్కున ఆగుతుంది, పైనున్న ఇనుము జడత్వం వల్ల ఇంకా కిందికే జారి బిగుసుకుంటుంది. సిలిండర్‌లో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది. మొదటి తూటా పేలగానే తుపాకీ వెనక్కి ఎగురుతుంది. మిగతా ఐదు తూటాల ఇత్తడి షెల్స్ అంచులు సిలిండర్‌కు ఆని ఉంటాయి కాబట్టి అవి కూడా వెనక్కి పోతాయి. వాటి ముక్కున బిగించిన బుల్లెట్లు మాత్రం జడత్వంతో ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. ఒక్కో పేలుడుకూ ఒక్కో ఇసుమంత చొప్పున బుల్లెట్ షెల్ నుంచి బయటికి జరుగుతుంది.

అలా జరిగి జరిగి బుల్లెట్ ముక్కు సిలిండర్ ముందు అంచు దాటి పొడుచుకొస్తే, సిలిండర్ తిరిగేటప్పుడు అది గొట్టం చివరకో ఫ్రేమ్‌కో తట్టుకుంటుంది. అంతే, రివాల్వర్ బిగుసుకుపోతుంది. ట్రిగ్గర్ కదలదు. "రివాల్వర్ జామ్ కాదు" అని నమ్మి దాన్ని కొన్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. పిస్టల్ జామైతే దాని మీద ముందుకూ వెనక్కీ జరిగే భాగాన్ని, అంటే స్లయిడ్‌ని, లాగి సరిచేసుకోవచ్చు. దీన్ని సరిచేయాలంటే చాలాసార్లు ఆ బుల్లెట్‌ను వెనక్కి కొట్టాల్సి వస్తుంది, ఎదురుగా జంతువు ఉండగా అది జరిగే పని కాదు.

తన్ను పెరిగిన కొద్దీ ఈ జారుడూ పెరుగుతుంది. అందుకే ఉక్కు రివాల్వర్‌లో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని తూటాలే తేలిక రివాల్వర్‌లో మొండికేస్తాయి. షెల్ మూతిని బుల్లెట్ చుట్టూ ఎంత గట్టిగా నొక్కి బిగించారన్నదే ఇక్కడ కీలకం. పరీక్షించడం కష్టమేమీ కాదు. ఆరు తూటాలు నింపి, ఒకదాని మీద మార్కర్‌తో గీత పెట్టి, వెర్నియర్ అనే సూక్ష్మ కొలత పరికరంతో దాని పొడవు కొలిచి రాసుకోవాలి. మిగతా ఐదూ కాల్చి, ఆ ఆరోదాన్ని బయటికి తీసి మళ్లీ కొలవాలి. పొడవు కంటికి ఆనేంత పెరిగితే ఆ బ్రాండ్ ఆ తుపాకీకి పనికిరాదు. చేసి చూస్తే పావుగంట పని. అడవికి వెళ్లే ముందు ఇది చేయనివాళ్లు మాత్రం చాలా పెద్ద పొరపాటు చేస్తున్నట్టే.

.357 మాగ్నమ్‌లో వచ్చిన స్కాండియం రివాల్వర్ల గొట్టం మీద 120 గ్రెయిన్ల కన్నా తేలికైన బుల్లెట్ వాడొద్దని కంపెనీయే చెక్కి ఇస్తోంది. టైటానియం సిలిండర్‌ను గరుకు పదార్థాలతో తోమొద్దని కూడా హెచ్చరిస్తుంది, పైపూత పోతే మంట లోహాన్ని తినేస్తుంది.

మందు తగ్గించుకున్నవాళ్లు

ఈ రివాల్వర్లను ఏళ్ల తరబడి నిజంగా మోసి తిరిగినవాళ్లలో చాలామంది చివరికి ఒకే చోటికి చేరుకున్నారు. వాళ్లు అందులో పూర్తి శక్తి .44 మాగ్నమ్ కాల్చరు. గట్టి సీసంతో పోతపోసిన 250 గ్రెయిన్ల బరువైన, ముక్కు బల్లపరుపుగా ఉండే బుల్లెట్‌ను సెకనుకు 300 మీటర్ల దగ్గర వేగంతో కాలుస్తారు. తన్ను లెక్క మళ్లీ వేస్తే దాదాపు 19 జౌళ్లు వస్తుంది. పూర్తి శక్తి తూటాతో ఉక్కు రివాల్వర్ తన్నిన 21 జౌళ్ల కన్నా ఇది కొంచెం తక్కువే. బుల్లెట్ శక్తి వెయ్యి జౌళ్ల నుంచి సుమారు 730కి దిగుతుంది, నిజమే. కానీ గట్టి సీసం బుల్లెట్ చిట్లదు, పువ్వులా విచ్చుకోదు, ఎముకను దాటుకుని లోతుగా పోతుంది. పెద్ద జంతువు విషయంలో కావలసింది ఆ లోతే.

ఈ పద్ధతే సరైనదని ఈ వ్యాసం వాదన. తుపాకీ బరువు, తూటా శక్తి రెండూ కలిపి ఒకే నిర్ణయంగా తీసుకోవాల్సినవి. ఒకదాన్ని మూడో వంతు తగ్గించి రెండోదాన్ని అలాగే ఉంచితే ఆ తేడా షూటర్ చేతి మీద పడుతుంది. దుకాణంలో కౌంటర్ దగ్గర తుపాకీని చేతిలోకి తీసుకున్నప్పుడు బరువు మాత్రమే తెలుస్తుంది, తన్ను తెలియదు. అమ్మకమంతా ఆ క్షణంలోనే జరిగిపోతుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఇవి "ఒక్క సిలిండరే కాల్చాం" అనే మాటతో అమ్మకానికి రావడంలో ఆశ్చర్యం లేదు.

అరకిలో మొత్తం వదులుకోకుండా మధ్యదారి పట్టిన తుపాకులూ ఉన్నాయి. స్మిత్ అండ్ వెసన్‌దే మోడల్ 69, 2014లో వచ్చింది. ఇది ఉక్కుదే, కానీ ఫ్రేమ్ ఒక సైజు చిన్నది, ఆరు బదులు ఐదు తూటాలు పడతాయి, బరువు సుమారు 1,050 గ్రాములు. ఛార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్ 1973లో .44 స్పెషల్‌లో వచ్చింది. అది మొదటి నుంచీ తన బరువుకు తగిన తూటానే ఎంచుకుంది. దీనికి పూర్తిగా ఎదురు దిశలో రూగర్ సూపర్ రెడ్‌హాక్ అలాస్కన్ ఉంది. రెండున్నర అంగుళాల గొట్టం ఉన్నా సుమారు 1,250 గ్రాములు తూగుతుంది. .44 మాగ్నమ్ కన్నా శక్తివంతమైన .454 కాసుల్ లాంటి తూటాకు ఆ బరువు అవసరమే.

ఇటీవలి ఏళ్లలో అసలు రివాల్వర్‌నే పక్కన పెట్టేవాళ్లు పెరుగుతున్నారు. 10 మిల్లీమీటర్ల గ్లాక్ 20 పిస్టల్ పదిహేను తూటాలతో కలిపి 1,150 గ్రాముల లోపే ఉంటుంది. గ్రీన్‌లాండ్‌లో కుక్కల బండ్ల మీద తిరిగే డెన్మార్క్ సైన్యపు సిరియస్ దళం ధ్రువపు ఎలుగుల భయానికి దాన్నే వెంట ఉంచుకుంటుంది. ఒక్కో బుల్లెట్‌కు శక్తి తక్కువే అయినా తన్ను తక్కువ, రెండో దెబ్బ వేగంగా పడుతుంది. రివాల్వర్ పక్షాన మిగిలిన గట్టి వాదన ఒకటుంది. జంతువు మీద పడ్డాక గొట్టం దాని ఒంటికి ఆనించి కాల్చాల్సి వస్తే పిస్టల్ స్లయిడ్ వెనక్కి జరిగి పేలకపోవచ్చు. రివాల్వర్‌కు ఆ ఇబ్బంది లేదు.

డబ్బాలో ఉన్న కారం

తుపాకీ గురించి ఇంత మాట్లాడాక బేర్ స్ప్రే గురించి మాట్లాడకపోతే చర్చ సగమే అవుతుంది. మిరపలోని ఘాటు పదార్థాన్ని పీడనంతో నింపిన డబ్బా ఇది. అరకిలో కన్నా తక్కువ బరువు, తొమ్మిది మీటర్ల దాకా మేఘంలా చిమ్ముతుంది. ఎలుగుల మీద పరిశోధించే టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో బృందం అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు స్ప్రే వాడిన 83 ఘటనలు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించింది. బ్రౌన్ బేర్ల విషయంలో 92 శాతం సార్లు స్ప్రే వాటి అవాంఛిత ప్రవర్తనను ఆపగలిగింది. అదే బృందం 2012లో తుపాకులు వాడిన 269 ఘటనలు చూసింది. చేతి తుపాకులు 84 శాతం, రైఫిళ్లు, షాట్‌గన్లు 76 శాతం సార్లు పనిచేశాయి. తుపాకీ ఉండి కాల్చినవాళ్లకూ, కాల్చలేకపోయినవాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పందెంలా చూడకూడదు. స్ప్రే ఘటనల్లో ఉత్త కుతూహలంతో దగ్గరికొచ్చిన ఎలుగులూ ఉన్నాయి. తుపాకీ ఘటనలు గాయమో చావో జరిగినప్పుడే ఎక్కువగా రికార్డుకెక్కుతాయి. అయినా ఒక విషయం మాత్రం స్పష్టం. మేఘానికి మిల్లీమీటర్ గురి అక్కర్లేదు, అది చేతిని తన్నదు. ఎక్కువ ప్రాక్టీస్ చేయలేని మనిషికి, తన్ను భయంతో ప్రాక్టీసే మానేసిన మనిషికి, 710 గ్రాముల .44 మాగ్నమ్ కన్నా ఆ డబ్బాయే మంచి తోడు.

సియాటెల్, డెన్వర్, సాల్ట్‌లేక్ సిటీల నుంచి వేసవి సెలవుల్లో గ్లేషియర్, ఎల్లోస్టోన్ పార్కులకు పిల్లలతో వెళ్లే తెలుగు కుటుంబాలకు ఈ చర్చలో చట్టం కూడా ముఖ్యం. 2010 ఫిబ్రవరి 22 నుంచి అమెరికా నేషనల్ పార్కుల్లో ఆయా రాష్ట్ర చట్టాల ప్రకారం తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. కానీ హెచ్-1బీ లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. మిత్రుడి రివాల్వర్ కాసేపు అరువు తీసుకున్నా చిక్కే. కారులో కెనడా మీదుగా అలాస్కా వెళ్లాలనుకునేవాళ్లకు అక్కడి హ్యాండ్‌గన్ చట్టాలు ఇంకా కఠినం. బేర్ స్ప్రేకూ తనవైన షరతులున్నాయి. విమానంలో చేతి సామానులోనే కాదు, చెక్-ఇన్ బ్యాగులోనూ పెట్టనివ్వరు. యోసెమిటీ పార్కులో దానికి అసలు అనుమతే లేదు.

మనదేశంలోనూ తేలిక రివాల్వర్ ఒకటి వచ్చింది. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో మహిళల కోసమని చెప్పి విడుదల చేసిన నిర్భీక్, టైటానియం మిశ్రమంతో 500 గ్రాములే. కానీ అది .32 కాలిబర్. తూటా చిన్నది కాబట్టి అక్కడ బరువుకూ శక్తికీ పెద్దగా పేచీ లేదు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి ఎలుగులు వస్తే జనం గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళతారు. ఎలుగు ఉలిక్కిపడి మీదికి రాకుండా ఉండాలంటే మనిషి వస్తున్న సంగతి దానికి ముందే తెలియాలి. అలాస్కా గైడ్లు కూడా పొదల దగ్గర చప్పట్లు కొడుతూ, "హే బేర్" అని అరుస్తూ నడిచేది అందుకే. చప్పుడు చేయడానికి లైసెన్సు అక్కర్లేదు, బరువూ లేదు.

ఎల్లోస్టోన్ చుట్టుపక్కల ఊళ్లలో స్ప్రే డబ్బాలు కొనుక్కోవచ్చు, కొన్నిచోట్ల అద్దెకూ ఇస్తారు. కారులో వెనక సీటు మీద పడేసి దారి పట్టడం మాత్రం డేరాలో వదిలేసిన రివాల్వర్‌తో సమానం. అది బెల్టు మీదో బ్యాగు ముందు పట్టీ మీదో, చేయి చూడకుండా అందుకునే చోట ఉండాలి. కారం లేని ప్రాక్టీస్ డబ్బాలు కూడా దొరుకుతాయి. దారి మొదలయ్యే పార్కింగ్ స్థలంలోనే గాలి ఎటు వీస్తోందో చూసుకుని, బొటనవేలితో సేఫ్టీ క్లిప్ వెనక్కి లాగి, రెండు చేతులతో పట్టుకుని, కొంచెం కిందికి వంచి నొక్కడం ఇంట్లో పెద్దవాళ్లంతా ఒక్కొక్కరూ పదిసార్లు చేసి చూడాలి.